ఇప్పకుంటలో మూడో వంతు

దేవ్లా తండా కుంటలో నడుంలోతు నీళ్లలో నిలబడి చిన్నక్క అంతర తామర మొక్కలు ఏరుతుంటే, గట్టు మీద మేకల్ని తోలుకుపోతున్న సోమ్లి ఆగింది.

"ఓ చిన్నక్కా! మేము అక్కర్లేదని పారేసేదాన్ని నువ్వు సంచిల పెట్టుకుంటున్నవ్. ఏం, కూరొండుతవా?"

"వండుత. గిన్నె పట్టుకొని రా."

"పోయినేడు మీ కుంటల ఒక్క ఆకు లేకుండ పీకిచ్చినవ్. మండలాఫీసుల నీ ఫోటో గూడ పెట్టిండ్రంట. ఇప్పుడు మా కుంటకొచ్చి దొంగతనమా?"

"దొంగతనమైతే పట్టపగలొస్తనా? మొన్న నీ కొడుకు జైరాంనే అడిగిన. మొత్తం ఎత్తుకపో అన్నడు."

"వాడంతే. ఇల్లెత్తుకపోతనన్నా గట్లనే అంటడు."

సోమ్లి నవ్వింది. చిన్నక్కకు నవ్వు రాలేదు. పోయినేటి మాట ఎవరెత్తినా ఆమెకు ముఖం కందినట్టవుతుంది.

నీటి మీద తేలే అంతర తామర చూడటానికి అరచేతిలో పట్టే క్యాబేజీలా ఉంటుంది. పైకి కనిపించే ఆకులతో పెద్ద పని లేదు. అసలు సంగతంతా కింద ఉంటుంది. జానెడు పొడుగున జుట్టులా వేలాడే వేళ్లు, వాటిని పట్టుకుని కంటికి ఆనీ ఆనని పురుగులు, నత్తగుడ్లు, బియ్యపు గింజంత రొయ్యలు. చేపపిల్లలకు అదే మేత. చిన్నక్క ఒక్కో మొక్క కిందా చెయ్యి పెట్టి నెమ్మదిగా ఎత్తి తడి గోనెసంచిలో పెడుతోంది. సాయం చేద్దామని సోమ్లి ఒడ్డున ఉన్న మొక్క ఒకటి లాగి విదిలించింది.

"దులపకు చెల్లె! పురుగులతోనే కావాలె."

"పురుగుల కోసం రెండు మైళ్లు నడిచొచ్చినవా! మంచిగుంది."

సోమ్లి ఇంట్లో మాట్లాడేది లంబాడీ, చిన్నక్క ఇంట్లో మాట్లాడేది కోయ. ఇద్దరి మధ్యా తెలుగే. ముప్పై ఏళ్లుగా మేకల గురించీ, తునికాకు కల్లం దగ్గర వరసల గురించీ వాళ్లు పోట్లాడుకుంటున్నది ఆ భాషలోనే. ఈసారి పోట్లాట లేకుండానే సోమ్లి సంచి ఒక కొస పట్టి చిన్నక్క నెత్తికెత్తింది. నీళ్లు కారి చిన్నక్క వీపంతా తడిసింది. ఆ నెలలో అది ఆమెకు ఆరో మోత.

పినపాక మండలంలో అడవి అంచున ఉన్న మద్దులగుంపు చిన్నక్క పుట్టిన ఊరే. పెళ్లయ్యాక భర్త దూలయ్యే ఇల్లరికం వచ్చాడు. ముప్పై నాలుగు గడపలు. వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. వానలు పడితే పోడు చేలు. మిగతా కాలం కూలి. దూలయ్య రోజూ ఆటో ఎక్కి మణుగూరు కాలనీలో చెట్లకు నీళ్లు పెట్టే పనికి వెళ్తాడు. ఊరికి ఆనుకుని గుట్ట కింద ఎకరన్నర ఇప్పకుంట ఉంది. చిన్నక్క చదువుకోలేదు. ఆమెకు బాగా తెలిసినది ఏమైనా ఉందీ అంటే అది ఆ కుంటే.

ఆమెకు కుంటను చూపించింది తండ్రి. ఆయన ఏటా వానలకు ముందు వెదురు బొంగుల్ని ఒకదాని కొసకొకటి కట్టి, కుంట తూర్పు మూలకు అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తేలే దడి వేసేవాడు. నీటి మీది మొక్క ఆ దడి వెనకే ఉండాలి. కుంటలో మూడో వంతు దాటితే తీసి పొలంలో వెయ్యాలి. తగ్గితే ఎక్కడి నుంచైనా తెచ్చి వెయ్యాలి. దడి వెనక నీడ, చల్లదనం, మేత. దడి ముందు ఎండ, గాలి. చేప రెండు చోట్లా తిరుగుతుంది. తండ్రి ఇందులో ఏదీ వివరించి చెప్పలేదు. గట్టు మీద అడుగులు వేసి కొలిచి, "చాలు" అనో "ఇంకొంచెం" అనో అనేవాడు, అంతే.

ఆయన పోయిన కొన్నేళ్లకు వాగు పొంగి గుర్రపుడెక్క కొట్టుకొచ్చింది. మొదట ఊదాపూలు చూసి ఆడపిల్లలు తలలో పెట్టుకున్నారు. రెండేళ్లలో కుంట మీద మేక నడిచిపోవచ్చేమో అన్నంత మందాన పరుచుకుంది. కింద నీళ్లకు వెలుగు లేదు, గాలి లేదు. తెల్లారేసరికి చేపలు సందు దొరికిన చోటల్లా నోళ్లు పైకి పెట్టి తేలేవి. నీళ్లు కంపు కొట్టేవి. చిన్నక్క ఒక్కతే ఏటా ఎంత పీకినా అది రెట్టింపయ్యేది. పదేళ్లు దానితో కొట్లాడి కొట్లాడి, నీటి మీద ఏది పచ్చగా కనిపించినా కసి పుట్టే స్థితికి వచ్చింది.

అందుకే నిరుడు ఆడవాళ్ల చేపల సంఘం కట్టి, ఆమెను లీడర్ చేసి, ఉపాధి పనిలో కుంట శుభ్రం చెయ్యమంటే అందరికన్నా ముందు నీళ్లలో దిగింది ఆమే. పని లెక్క రాసే మేటు రాజేష్ వరసకు ఆమె అన్న కొడుకు. గట్టు మీద కుప్ప ఎంత పెద్దదైతే పని అంత అయినట్టు లెక్క అని చెప్పాడు. పద్నాలుగు మంది ఆడవాళ్లు పన్నెండు రోజులు పీకారు. గుర్రపుడెక్క అయిపోయాక తూర్పు మూలలో మంచం పరిచినంత మేర అంతర తామర మిగిలింది. తండ్రి నాటి మొక్క.

"అత్తా, చివరిది నువ్వే తియ్. ఫోటో మంచిగొస్తది" అన్నాడు రాజేష్.

తీసింది. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది కూడా. మండలాఫీసు గోడ మీద ఉన్నది ఆ ఫోటోనే.

కుంట అద్దంలా అయింది. వారం రోజులు ఊరంతా వచ్చి చూసింది. తర్వాత మధ్యాహ్నాలు నీళ్లలో కాలు పెడితే వేడి తగలసాగింది. ఇంకొన్నాళ్లకు నీళ్లు రంగు డబ్బా ఒలికినట్టు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. ప్రభుత్వం ఇచ్చిన చేపపిల్లలు బొచ్చె, రోహు తెచ్చి వదిలారు. దాక్కోవడానికి ఒక్క ఆకు లేదు. మూడో రోజుకల్లా నీటికాకులు దిగాయి. ఒకటి రెండు కాదు, గుంపు. వరసగా ఈదుకుంటూ, పిల్లల్ని ఒక మూలకు తరిమి తరిమి తిన్నాయి. చిన్నక్క డబ్బా మోగిస్తూ గట్టు చుట్టూ పరుగెత్తింది. అవి ఈ మూల లేచి ఆ మూల వాలేవి. కార్తీకంలో వల వేస్తే తొట్టెడు చేపలు కూడా రాలేదు. కుంటలో సొంతంగా పెరిగే కొర్రమట్ట చేపలైతే ఆ ఏడు పిల్లే పెట్టలేదు.

అవి గూడు కట్టేది తేలే మొక్కల మధ్యే. ఆడదీ మగదీ కలిసి మొక్కల్ని తోకతో పక్కకు నెట్టి పళ్లెమంత జాగా చేసి అందులో గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రగా పుట్టి, గుంపుగా తిరుగుతూ, నల్లబడేదాకా ఆ ఆకుల కిందే పెరుగుతాయి. చిన్నక్కకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ తన చేతులతోనే ఎందుకు తీసినట్టు? చలికాలమంతా ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. దూలయ్య వినీ వినీ విసిగిపోయాడు.

"అడిగింది చాలుగని, మల్ల వెయ్యరాదూ?" అన్నాడు.

అదీ తేలిగ్గా కాలేదు. దడికి బొంగులు కావాలి. అడవిలో వెదురు కొడితే కేసవుతుందని బీట్ ఆఫీసర్ ముందే చెప్పి పోయాడు. చివరికి దూలయ్యే కాలనీలో బిల్డింగులకు రంగులేసి పడేసిన పాత బొంగులు అడిగి, రోజుకు రెండు చొప్పున ఆటో మీద కట్టుకొచ్చాడు. వాటి నిండా తెలుపు, నీలం మరకలు.

"మీ అయ్య నా పెండ్లికి గూడ గింత కష్టపడలె" అన్నాడు తాడు బిగిస్తూ.

"మా అయ్య మంచి బొంగులు తెచ్చెటోడు. నువ్వు పెయింటు బొంగులు తెచ్చినవ్."

"చేపలకు రంగిల్లు. ఇష్టమైతే ఉంటయ్, లేకుంటే పోతయ్."

ఇక సంఘం. జూన్ మొదట్లో మీటింగు. ముత్తక్క వరసకు చిన్నక్కకు వదిన. ఊళ్లో ఎవర్నీ లెక్క చెయ్యని మనిషి. ఆమె నేరుగా అడిగింది.

"నిరుడు తియ్యాలంటివి. ఈయేడు ఉంచాలంటున్నవ్. తియ్యాల్నా, ఉంచాల్నా? ఒక్కటి చెప్పు."

"మూడో వంతు ఉంచాలె వదినె."

"గదెట్ల ఒకటైతది?"

"కూరల ఉప్పేస్తవా, వెయ్యవా? ఒక్కటి చెప్పు."

"నోటికేం తక్కువలేదు నీకు."

అందరిలో చిన్నది, పదో తరగతి దాకా చదివిన దుర్గ మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, ఈసారి చేపలాఫీసు మేడం వచ్చి చూసినంకనే చేపపిల్లలిస్తరంట. కుంటల కలుపు ఉండొద్దంట."

"ఇది కలుపు కాదే."

"నీకు కాదు. ఆల్లకు కలుపే."

ఆ రోజు ఏదీ తేలలేదు. తేలకపోవడమే చిన్నక్కకు దారి అయింది. ఆమె మోసి తెచ్చిన ఆరు సంచుల మొక్క దడి వెనక పక్కకు పిలకలేసుకుంటూ నెలన్నరలో మూలంతా నిండింది. అంచు దాటిన మొక్కను ఆమె రోజూ పొద్దున్నే తీసి గట్టు మీద వేసేది. ఎవరైనా చూస్తూ ఉంటే, దడి ఈవల చెంచాడు పచ్చదనం కూడా లేదని చూపించేది. ఆసక్తి ఉన్నవాళ్లు తక్కువ.

ఆగస్టులో ఒక ఉదయం గట్టు మీద ఎవరో గుచ్చిన పచ్చటి మద్ది కొమ్మ ఉంది. కుంటలో ఎర్రపిల్లలు కనపడితే, కనపడినవాళ్లు కేక వెయ్యకుండా గట్టు మీద పచ్చకొమ్మ గుచ్చడం ఆ ఊరి పద్ధతి. కొమ్మ ఉన్నన్నాళ్లూ ఎవరూ నీళ్లలో దిగరు, బర్రెల్ని దింపరు. చిన్నక్క వంగి చూసింది. దడి వెనక ఆకుల సందున నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. కుంకుమ పోసినట్టు పిల్లల గుంపు పైకి వచ్చి, గుటక గాలి పీల్చి, కిందికి పోయింది. వాటి కింద మోచేయంత నల్లటి నీడ ఒకటి తిరిగింది. తల్లో తండ్రో.

కొమ్మ గుచ్చింది ముత్తక్క. అడిగితే, "కనపడ్డయ్, గుచ్చిన. అంతమాత్రానికి నీతోని కలిసిన అనుకోకు" అంది.

కొమ్మ గుచ్చిన నాలుగో రోజే రాజేష్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చేపల శాఖ మేడం ఆ మధ్యాహ్నమే వస్తోంది.

"అత్తా, జల్దీ. అందరం దిగితే రెండు గంటల్ల మొక్క మొత్తం గట్టుకెక్కుతది. మేడం ఫోటో కొట్టుకొని పోంగనే మల్ల ఏద్దం. నేను గూడ దిగుత."

"పిల్లలున్నయ్ రా."

"గంటసేపే గద!"

"నీ బిడ్డను గంటసేపు ఎండల పండబెట్టు. తర్వాత మల్ల ఊయలల ఏద్దువు."

"చేపలకూ నా బిడ్డకూ పోటీయా అత్తా!"

"చెదిరితే ఇంక కలవ్వు. తల్లి ఇడిసిపెట్టి పోతది. అగ్గో, ఆడ కూసున్నయ్ చూడు" అంటూ ఎండుకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న రెండు నీటికాకుల్ని చూపించింది.

దుర్గ, ఇంకో ఐదుగురు గంపలతో వచ్చారు. చిన్నక్క దడి కట్టిన గుంజ దగ్గర నిలబడింది. ఆమె వాళ్లను ఆపిందో, గట్టు మీది కొమ్మే ఆపిందో గానీ ఎవరూ నీళ్లలో దిగలేదు. కొమ్మ ఉండగా దిగడానికి కాలు రాదు. పీకెయ్యమని ముత్తక్కను అడిగారు.

"నేను గుచ్చిన, నేను పీకను. మీకు దమ్ముంటే పీకుండ్రి" అని ఆమె ఇంటికి పోయింది.

అధికారి భార్గవి బండి మీద వచ్చింది. ముప్పై లోపు వయసు. దారి బురద సగం ఆమె ప్యాంటు మీదే ఉంది. గట్టు మీద నడుస్తూ దడి దగ్గర ఆగింది. చిన్నక్క వేలితో చూపించింది. ఎర్రపిల్లలు లేచి మునిగాయి. భార్గవి అక్కడే కూర్చుండిపోయింది.

"కొర్రమీను పిల్లలు! నేను పుస్తకంలో చూడటమే." మళ్లీ లేచేదాకా ఆగి చూసి, "దడి ఎవరు కట్టారమ్మా?" అంది.

"నేనే. మా అయ్య కట్టెటోడు."

"మంచి పద్ధతి. మూడో వంతు దాకా ఉండొచ్చు, మాకు కూడా అదే చెప్తారు."

చిన్నక్క వెనక్కి తిరిగి అందరి వంకా చూసింది. ఆ మాట ఇంకొకరి నోట ఆమె వినడం అదే మొదలు. వెంటనే భార్గవి ఫోన్ తీసింది. ఆమె గొంతు మారింది.

"కానీ ఇందులో ఒకటే ప్రశ్న ఉంది. నీటిపై కలుపు: ఉంది, లేదు. రెండే. ఉంది అని నొక్కితే, పూర్తిగా తీశాకే పిల్లలు ఇస్తారు. తీసేసరికి ఈ ఏటి కోటా అయిపోతుంది."

"మూడో వంతని రాయుండ్రి మేడం."

"రాసే చోటు లేదమ్మా. నొక్కడమే."

"ఉన్నదాన్ని ఉన్నట్టు రాయనీకి చోటు లేకుంటే ఎందుకు మరి ఆ ఫోను?"

భార్గవికి కోపం రాలేదు. అలసిపోయినట్టు నవ్వింది. "లేదు అని నొక్కుదామంటే, కుంట మొత్తం వచ్చేలా ఫోటో పెట్టాలి. అందులో ఇది కనిపిస్తుంది. తిప్పి పంపుతారు. వారం టైమిస్తాను. అప్పటికి తీసేస్తారా?"

వారం. పిల్లలు నల్లబడటానికి ఇంకా రెండు వారాలైనా పడుతుంది.

"మూడు వారాలియ్యుండ్రి."

"నా చేతిలో లేదు. శుక్రవారానికి లిస్టు మూసేస్తారు."

రాజేష్ కళ్లతో సైగ చేశాడు. దుర్గ చెయ్యి పట్టుకుని గుంజింది. చిన్నక్క ఎవరినీ చూడలేదు.

"ఉంది అని నొక్కుండ్రి" అంది.

భార్గవి ఒకసారి ఆగి, నొక్కింది. తన పేరు వేసుకున్న చిన్న డైరీలో కూడా ఏదో రాసుకుంది. చిన్నక్క అడిగితే, "మీ దడి గురించి. పైకి పంపుతాను, చూద్దాం" అంది. బండి మలుపు తిరిగింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఎవర్నడిగి చెప్పినవ్ పెద్దమ్మా? సంఘం నీ ఒక్కదానిదా?" అంది దుర్గ.

చిన్నక్క ఎవర్నీ అడగలేదు, నిజమే. అడిగితే కాదంటారని తెలిసే అడగలేదు.

ఆదివారం మీటింగులో ఆమెను లీడరు నుంచి తీసేసి దుర్గను పెట్టారు. తీర్మానం రాజేష్ రాశాడు. చిన్నక్క వేలిముద్ర వేసే ముందు, దడిని దసరా దాకా ముట్టుకోవద్దని ఒక ముక్క రాయమంది. రాజేష్ కలం ఎత్తి దుర్గ వంక చూశాడు.

"రాయి" అంది దుర్గ విసుగ్గా. "సర్కారు పిల్లలు ఎట్లాగు పోయినయ్. ఇవన్న మిగిలితయేమో చూద్దం."

తర్వాతి వారం చేపపిల్లల డ్రమ్ములతో ఒక బండి రోడ్డు మీద మద్దులగుంపు దాటి పోయింది. ముత్తక్క వాకిట్లో నిలబడి, చిన్నక్కకు వినపడేలా, పై ఊరి వాళ్ల అదృష్టాన్ని పొగిడింది. చిన్నక్క వినీ విననట్టు కుంటకు పోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి నీటికాకుల్ని తరిమేది. అంచు దాటిన మొక్క తీసేది. పిల్లలు వేలి గోరంత నుంచి చిటికెన వేలంత అయ్యాయి. ఎరుపు పోయి గోధుమ రంగు, దాని మీద నల్లచార. ఒక రోజు గుంపు రెండుగా విడిపోయింది. మరుసటి రోజు లేచిన చోట లేవలేదు. ఆమె గంటసేపు కూర్చుంది. ఆకుల కింద అక్కడొకటి ఇక్కడొకటి గుటక శబ్దం, అంతే.

రెండు రోజుల తర్వాత దుర్గ, ముత్తక్క కలిసి వచ్చారు. కొత్త లీడర్ కదా, సంఘం వాళ్లు చూసి రమ్మన్నారట.

"ఏవి?" అంది ముత్తక్క, నడుం మీద చేతులు పెట్టుకుని.

"నల్లబడ్డయ్. విడిపోయినయ్. ఇంక పైకి గుంపుగ రావు."

"అంటే లేవు."

"ఉన్నయ్ వదినె. ఆకుల కిందున్నయ్."

"ఎర్రగున్నప్పుడు నేనూ చూసిన. ఇప్పుడు కనపడాలె గద?"

"కనపడితే నీటికాకి తింటది. కనపడకుండ ఉండనీకే గద ఇదంత!"

"వలేసి చూద్దమా మరి? ఒక్కసారి" అంది దుర్గ.

"వద్దు. వలేస్తే మొక్క చెదురుతది. చలికాలం దాక ఆగుండ్రి."

"ఏమున్నయని ఆగాలె? నీ మాట మీదనా?"

చిన్నక్క దగ్గర తన మాట తప్ప చూపించడానికి నిజంగానే ఏమీ లేదు. ముత్తక్క ఇంకేదో అనబోయి, దడి మీది నీలం మరకల వంక చూసి, తల తిప్పుకుని గట్టు దిగింది. దుర్గ ఆమె వెనకే పోయింది.

గాలికి నాలుగు మొక్కలు దడి కింద నుంచి జారి ఈవలకు వచ్చాయి. చిన్నక్క కొంగు నడుముకు చుట్టి నీళ్లలో దిగింది. వాటిని కింద చెయ్యి పెట్టి ఎత్తి, దులపకుండా, ఒకటొకటిగా దడి వెనక్కి వేసింది.